పెంటయ్య మోటర్ పాసైంది

ఆ పొద్దు అర్సలాన్ ప్లాను చాలా చిన్నది. అందరికంటే ముందు ఫ్యాక్టరీకి చేరాలి. పెంటయ్య మోటర్‌ను టెస్ట్ బెంచ్ మీద కాసేపు నడిపి, దింపి, మూలన పెట్టాలి. దాని చోట కంపెనీ కొత్త పంపు బిగించాలి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ మేడం రావాలి, పంపు పాసవ్వాలి, తాను ఇన్‌చార్జ్ అవ్వాలి. ప్లానులో ఏ లోపమూ లేదు. మేడంకు దాన్ని ముందుగా చెప్పలేదు, అంతే.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక పంపుల ఫ్యాక్టరీలో అతను ఆరేళ్లుగా టెస్ట్ బెంచ్ ఇంజనీరు. తయారైన ప్రతి పంపునూ బెంచ్ మీద బిగించి, కింది తొట్టిలో నీళ్లు తోడించి, ఎంత ఒత్తిడితో ఎన్ని నీళ్లు పోస్తోందో చూసి పాసో ఫెయిలో చెప్పాలి. ఈ ఉద్యోగాన్ని సంగారెడ్డిలోని తన ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం మాత్రం ఇంతవరకు అతని వల్ల కాలేదు. "ఏం తయారు చేస్తడు మీ పిలగాడు?" అని సంబంధాలవాళ్లు అడిగితే, "తయారు గియారు ఏం చెయ్యడు. మందికి వాళ్లు చేసింది తప్పని చెప్తడు" అని తల్లి ఆలంబీ గర్వంగా చెప్పేది. సంబంధాలు అక్కడితో ఆగిపోయేవి.

ఇన్‌చార్జ్ అన్న మాటకు ఆ బాధ లేదు. ఎవరికైనా వినగానే అర్థమవుతుంది. ఆ మాట కోసం అతను ఆరేళ్లు చకోరపక్షిలా ఎదురుచూశాడు. ప్లాంట్ మేనేజర్ చంద్రకాంత్ ముందురోజే తేల్చి చెప్పాడు కూడా. "తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ టవర్ల ఆర్డర్ పాసైతే నువ్వే బెంచ్ ఇన్‌చార్జ్. కాలేదనుకో, జిన్నారం గోడౌన్‌ల బోల్టులు ఏరుకుంట కూసోవాలె."

ఇక పెంటయ్య మోటర్ సంగతి. ఈ వాడలో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుంది: కంపెనీ యంత్రం కంపెనీదే గాని, సందు దొరికితే ఊరిది. లేతు మిషన్ల మీద బండి ఇరుసులు తయారవుతాయి, వెల్డింగ్ షాపులో ఇంటి గేట్లు అతుక్కుంటాయి. అర్సలాన్ బెంచ్ మీదికి సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ చుట్టుపక్కల బావుల్లో మూలిగే మోటర్లన్నీ వస్తాయి. తెచ్చేది ఫిట్టర్ కొమురయ్య. పెంటయ్య ఆయన బామ్మర్ది. ఆ మోటర్ కూడా పద్నాలుగేళ్ల కింద ఇదే ఫ్యాక్టరీలో పుట్టింది. ముందురోజు సాయంత్రం కొమురయ్య దానికి బేరింగులు మార్చి అక్కడితో ఆగలేదు, కంపెనీ నీలిరంగు కూడా పూశాడు.

"రంగెందుకేసినవ్ కొమురన్నా?" అన్నాడు అర్సలాన్, బెంచ్ మీద మెరిసిపోతున్న మోటర్‌ను చూసి.

"మిగిలింది సారూ. పారబోస్తే పాపం గదా."

స్విచ్ వేశాడు. మోటర్ ఒకసారి దగ్గి, బురద నీళ్లు కక్కి, అందుకుంది. సరిగ్గా అప్పుడే షెడ్డు గుమ్మంలో చంద్రకాంత్ గొంతు వినిపించింది. "రండి మేడం, రండి. మావోడు అప్పుడే మొదలుపెట్టిండు!"

ఆయన పక్కన ఇన్‌స్పెక్టర్ నిషిత. కొనేవాళ్ల తరఫున వచ్చి పంపులు చూసి ముద్ర వేసే మనిషి. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్ లేకపోవడంతో చాలా ముందే వచ్చేసింది. అక్కడ ట్రాఫిక్ లేకపోవడమనే ప్రమాదాన్ని ఏ ఇంజనీరు మాత్రం ఊహిస్తాడు? అర్సలాన్ చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"ఆపకండి," అంది నిషిత. "మీరు తయారు చేసిపెట్టి చూపించే టెస్ట్ నాకొద్దు. నడుస్తున్నదే చూస్త."

"మేడం, ఇది వేరే..."

చంద్రకాంత్ అతని కాలు తొక్కాడు. "వేరే లెవల్ మేడం," అని వాక్యం తానే పూర్తి చేశాడు. పిల్లవాడు భయపడుతున్నాడని ఆయన అనుకున్నాడు. అది కంపెనీ పంపు కాదన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు, రంగు అంత బాగా కుదిరింది.

నిషిత తొట్టిలోకి తొంగి చూసింది. "నీళ్లు గింత బురదగ ఉన్నయేంది?"

"టవర్ల సంపులల్ల అడుగున మట్టి ఉంటది గదా మేడం. అందుకే మేమే కలిపినం," అన్నాడు చంద్రకాంత్. తన తెలివికి తానే మురిసిపోయాడు. ఇంతలో ఒక కప్ప పైపులోంచి జారి తొట్టి అంచు మీద కూర్చుని నలుగురినీ పరిశీలించింది. చంద్రకాంత్ దాన్ని చేత్తో అదిలించాడు.

"గది రోజూ వస్తది మేడం," అన్నాడు కొమురయ్య.

నిషిత నవ్వలేదు. మోటర్‌కు పేరు పలక ఎందుకు లేదని అడిగింది. పాసయ్యాకే కొడతామని చంద్రకాంత్ చెప్పాడు. ఆమె ఒత్తిడి చూపే గేజ్ గడియారం వైపు తిరిగింది. ముల్లు లేచింది, ఇంకా లేచింది, ఈ ఆరేళ్లలో కంపెనీ పంపులు ఏనాడూ చేరని చోటికి పోయి అక్కడే నిలబడింది. అర్సలాన్ ఒక్క క్షణం భయం, జిన్నారం, బోల్టులు అన్నీ మరిచాడు. తన బెంచ్ మీద ఇంత మంచి పంపును అతను చూడటం ఇదే మొదలు. చెప్పలేనంత సంతోషమేసింది. ఆ వెంటనే ఆ పంపు ఎవరిదో గుర్తొచ్చింది.

నిషిత సంచిలోంచి ఉక్కు ముద్ర, సుత్తి తీసి మోటర్ ఒంటి మీద ఠంగుమని కొట్టింది. "ఇది నమూనా. ఆర్డర్‌లున్న నలభై పంపులూ దీనికి సమానంగ రావాలె. ఇది ఈ షెడ్డు దాటొద్దు."

కొమురయ్య, అర్సలాన్ మొహామొహాలు చూసుకున్నారు. మోటర్ కోసం పెంటయ్య ట్రాలీ ఆటోలో బయల్దేరి అప్పటికే చాలాసేపైంది.

రానే వచ్చాడు. భుజాన తువ్వాల, మోకాళ్ల దాకా బురద. "ఎవరీయన?" అంది నిషిత.

"మా పాత కస్టమర్ మేడం," అన్నాడు కొమురయ్య. ఆ పొద్దుటి నుంచి ఆ షెడ్డులో ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదే.

చంద్రకాంత్ మొహం వెలిగిపోయింది. పిలవకుండానే కస్టమర్ వచ్చి మెచ్చుకోవడం కంటే కావలసిందేముంది? "చెప్పు పెద్దమనిషీ, మా మోటర్ ఎట్లుంది?"

"మోటరా సారూ? బంగారం. బాయిల పడ్డది, తీసినం, నడిసింది. మీద పిడుగు పడ్డది, నడిసింది. మా బర్రె తన్నింది, ఇగో సొట్ట, సూడుండ్రి," అంటూ పెంటయ్య నీలిరంగు కింద సొట్టను వేలితో చూపించాడు.

నిషిత కూడా తడిమి చూసింది. "తన్నించి కూడ టెస్ట్ చేస్తరా?"

"అన్నీ చేస్తం మేడం," అన్నాడు చంద్రకాంత్. బర్రె సంగతి ఆయన వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు తయారై వరసగా పెట్టిన వాటిలోంచి ఒక కొత్త పంపు పెట్టమంది నిషిత. నమూనాను దింపి, ఆమె వేలు చూపినదాన్ని ఎక్కించారు. ముల్లు లేచింది, సగం దాటి కొంచెం పోయి చతికిలబడింది. ఖర్చు తగ్గించాలని పదేళ్లుగా చంద్రకాంత్ పంపు లోపలి ఫ్యాన్‌ను పలచన చేయిస్తూ వచ్చాడు. అది ముల్లుకు కూడా తెలిసిపోయింది.

"అర్సలాన్! ఏంరా ఇది?" అని అరిచాడు చంద్రకాంత్.

అర్సలాన్ జవాబు వెతుక్కునేలోగా నిషిత గట్టిగా అంది: "ఆగుండ్రి! నమూనా ఎటు పోతున్నది?"

అందరూ అటు తిరిగారు. పెంటయ్య, ఆటో డ్రైవరూ తువ్వాలలో చుట్టిన మోటర్‌ను చెరో పక్క పట్టుకుని గుమ్మం దాటుతున్నారు.

"కొండాపూర్‌కు," అన్నాడు పెంటయ్య. "నారు ఎండుతున్నది. జల్దీ పోవాలె."

"దొంగ! పట్టుకోండి! పోలీసులకు ఫోన్ చెయ్యుండ్రి!" చంద్రకాంత్ కేకలకు షెడ్డంతా గుమికూడింది. పెంటయ్య మోటర్‌ను కింద పెట్టి రెండు చేతులతో కావలించుకున్నాడు. "నా మోటర్ నేను తీస్కపోతే దొంగనా? బావా, చెప్పవేందే!"

బావ కొమురయ్య అర్సలాన్ వైపు చూశాడు. అందరూ అటే చూశారు. ఒక్క మాట అబద్ధమాడితే ఇన్‌చార్జ్. పెంటయ్యేమో పోలీస్ స్టేషన్‌కు. నిజం చెబితే పెంటయ్య పొలానికి, తాను జిన్నారానికి. ఆరేళ్ల కష్టం కళ్ల ముందు తొట్టిలోని బురద నీళ్లలా తిరిగింది. ఏడుపొక్కటే తక్కువ. అయినా పాసును పాసనీ ఫెయిలును ఫెయిలనీ చెప్పి చెప్పి అతని నోటికి వేరే అలవాటు లేకుండా పోయింది.

"అది ఆయనదే సార్. బెంచ్ ఎక్కించింది నేనే. పాసైంది పెంటయ్య మోటర్. ఫెయిలైంది మనది."

చంద్రకాంత్ నిషిత వైపు తిరిగాడు. "మేడం, ఆ ముద్ర రద్దు చేయండి. వీణ్ని ఇయ్యాల్నే జిన్నారం పంపిస్త."

నిషిత మోటర్ మీది ముద్రను వేలితో తడిమింది. "రద్దు చెయ్యాలంటే, రైతు మోటర్‌కు ఎట్ల ముద్ర కొట్టిన్నో మా ఆఫీసుకు రాసియ్యాలె. కప్ప గురించి కూడ రాయాలె." సుత్తి సంచిలో పెట్టేసింది. "నేను రాయను. నమూనా ఇదే. నలభై పంపులూ దీని పక్కన పెట్టి టెస్ట్ చెయ్యాల్సిందే."

"అయితే కొనేస్తం! పెద్దమనిషీ, ఎంత కావాల్నో చెప్పు!"

"అమ్మనే అమ్మ సారూ," అన్నాడు పెంటయ్య. "గింత మంచిదని ఇప్పుడే తెలిసె, ఎట్ల అమ్ముత?"

నమూనా రాదు. నమూనా లేకుండా టెస్ట్ లేదు. టెస్ట్ లేకుండా ఆర్డర్ లేదు. చంద్రకాంత్ తల పట్టుకుని కూర్చున్నాడు. నమూనా దగ్గరికి బెంచే పోతే ఏమని నిషిత అడిగింది. బెంచ్ ఫ్యాక్టరీలోనే ఉండాలని ఏ రూలూ లేదట. అయితే పొలం గట్టు మీద కూర్చుని ముల్లు చూసే మనిషి కావాలి. తప్పును తప్పని మేనేజర్ ముందే చెప్పినవాడైతే తనకు అభ్యంతరం లేదంది. వేరే ఎవరిని పంపినా సంతకం పెట్టనంది.

అలా అర్సలాన్ టెస్ట్ బెంచ్ ఇన్‌చార్జ్ అయ్యాడు, పెంటయ్య బావి దగ్గర. ఒత్తిడి గడియారాలు, పైపులు ట్రాలీ ఆటోలో కొండాపూర్ చేరాయి. ఫ్యాక్టరీలో లోపలి ఫ్యాన్లు మళ్లీ మందంగా పోత పోయడం మొదలుపెట్టారు. కొత్త పంపులు ఒక్కొక్కటే వచ్చి ముద్ర ఉన్న మోటర్ పక్కన నిలబడుతున్నాయి. "మావోనికి బ్రాంచి ఇచ్చిన్రు. బాయుంది, పొలముంది" అని ఆలంబీ చెప్పుకోవడంతో సంబంధాలు కూడా రావడం మొదలైంది. అర్సలాన్ ఆమెను సరిదిద్దలేదు. అబద్ధమాడటం అతనికి రాదు గాని, ఊరుకోవడం వచ్చు.

చిక్కల్లా ఒక్కటే. నమూనా సొంతదారుగా తాను కూడా ఒప్పుకుంటేనే పంపు పాసని పెంటయ్య షరతు పెట్టాడు. మొదటి పంపు నీళ్లు పొంగించగానే అర్సలాన్ ముల్లు చూసి, "పాస్!" అన్నాడు. గట్టు మీద కూర్చున్న పెంటయ్య తల అడ్డంగా ఊపాడు.

"నాకైతే నమ్మకం కుదుర్తలేదు సారూ. ఇంకొకసారి నడిపి సూడు. గా పైపు జెర అవుతలి మడి దిక్కు తిప్పు."

ఆ యాసంగి పంట కాలంలో కంపెనీ పంపులన్నీ రెండోసారికే పాసయ్యాయి.