పెద్దాయనకి రెండు గొట్టాలు

ఆదివారం పొద్దున్న కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కూరగాయలకని సంచి పట్టుకుని బయల్దేరాలి, దారిలో మెకానిక్ షెడ్డు దగ్గర అయిదంటే అయిదు నిమిషాలు ఆగాలి, పాత కారుకి ఏ పొగగొట్టాలు పెట్టాలో ఒక్క ముక్క చెప్పేసి పదింటికల్లా ఇంటికి చేరాలి. కారు మాటెత్తితే భార్య ముఖం గంటు పెట్టుకుంటుంది కాబట్టి ఆ మధ్య ముక్క ఆమెకి చెప్పలేదు. ఫోను ఛార్జింగులోనే మర్చిపోయిన సంగతి తనకే తెలియలేదు.

ఆ కారు వాళ్ల నాన్నది. పడవంత పొడవు, మంచమంత సీటు. ఇంజనులో ఆ పక్క నాలుగు, ఈ పక్క నాలుగు సిలిండర్లు, ఒక్కో పక్కకి ఒక్కో గొట్టం. ఆ రోజుల్లో అది వీధి మలుపు తిరగకముందే నాన్న వస్తున్నాడని ఇంట్లో తెలిసిపోయేది, పుస్తకాలు వాటంతటవే తెరుచుకునేవి. గొట్టాలు తుప్పు పట్టాక నాన్న పొదుపు పేరు చెప్పి రెండింటికీ కలిపి ఒక్కటే పెట్టించాడు. దాంతో కారు గొంతు పోయింది. కొన్నాళ్లకి నాన్నా పోయాడు.

"ఇనప సామాన్లవాడికి అమ్మేద్దాం" అన్నాడు అన్న. "నన్ను కూడా ఆ కాటాలోనే వేసి అమ్మెయ్" అన్నాడు తమ్ముడు. అంతే, నాలుగేళ్లుగా మాటల్లేవు. అన్నగారి ప్రింటింగ్ ప్రెస్సూ తమ్ముడి కళ్లజోళ్ల షాపూ ఒకే వీధిలో ఉన్నాయి. ఎదురుపడినప్పుడల్లా ఎవరో ఒకరికి చెప్పులో రాయి దూరేది. తోడికోడళ్లు మాత్రం రోజూ ఫోన్లో గంటసేపు మాట్లాడుకునేవారు, అది తమకి తెలియనట్టు మగవాళ్లిద్దరూ గంభీరంగా పేపరు చదివేవారు.

తమ్ముడికి కావలసింది కారు కాదు, ఆ గొంతు. అది తిరిగొస్తే ఒక్కసారి ప్రెస్సు ముందు నుంచి నడుపుకుంటూ వెళ్లాలి. అన్న తలెత్తి చూస్తే చాలు, ఇంకేమీ అనక్కర్లేదు. ఆయన ఆశంతా దానిమీదే ఉంది.

షెడ్డు మీద "పాత కార్ల డాక్టరు" అని బోర్డుంది. ఆ బోర్డుని అందరికంటే ఎక్కువగా నమ్మింది మెకానిక్కే. ఎవరు పలకరించినా "డాక్టర్ని" అంటాడు. వచ్చిన ప్రతి పాత కారునీ "పెద్దాయన" అంటాడు. నాన్నగారి కారుని పైకెత్తి, మూడు జతల గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి తగిలించి వినిపించాడు. మొదటి జత కడుపులోంచి గురగురమంది. రెండోది డబడబలాడింది. మూడోది బుసకొట్టి ఊరుకుంది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అడిగాడు మెకానిక్.

పాతికేళ్లుగా జనం ముక్కుమీద అద్దాలు మార్చి మార్చి అదే ప్రశ్న అడిగినవాడు తెల్లముఖం వేశాడు. "మళ్లీ మొదటిది పెట్టు."

"పెట్టాను. ఇప్పుడో?"

"ఇందాక ఇంకాస్త బాగున్నట్టుంది."

"సార్, పోయినేడాది మీ షాపులో అద్దాలు చూపిస్తుంటే నేనిలాగే అన్నానని మీరు నన్ను విసుక్కున్నారు. పన్నెండింటికి గొట్టాల వ్యాపారి వచ్చి మనకి అక్కర్లేనివి పట్టుకుపోతాడు. త్వరగా తేల్చండి!"

నాన్న కారు గొంతు గుర్తుంది అనుకున్నాడు గానీ, మూడు జతలు విన్నాక గుర్తున్నది కాస్తా గాలికి పోయింది. కాసేపు నడిచొస్తే ఏదైనా తోస్తుందేమోనని సంచి ఊపుకుంటూ బజారు వైపు వెళ్లాడు. గంట గడిచినా రాలేదు. మెకానిక్ ఓపిక నశించి ఫోను చేశాడు. ఇంట్లో తమ్ముడి భార్య ఎత్తింది.

"ఆయన ఫోను ఇంట్లో వదిలేసి వెళ్లారండీ. మీరెవరు?"

"డాక్టర్నమ్మా. పెద్దాయనకి ఊపిరందడం లేదు. లోపలంతా మసి. ఒక్క గొట్టంతో లాభం లేదు, రెండు వెయ్యాల్సిందే. పన్నెండులోపు సారు మాట చెప్పకపోతే నేను చేతులెత్తేస్తాను!"

ఫోను పెట్టేశాక ఆవిడ అక్కడే కూలబడింది. ప్రెస్సులో పనివాళ్లందరూ బావగారిని పెద్దాయన అనే అంటారు. అంటే బావగారికి ప్రాణం మీదికొచ్చింది, మొండి మొగుడు కూరగాయల వంకతో రహస్యంగా ఆసుపత్రికి పరిగెత్తాడు! ఎంత కోపమున్నా రక్తసంబంధం ఎక్కడికి పోతుందని ఆవిడ కళ్లు తుడుచుకుని తోడికోడలికి ఫోను చేసింది.

"అక్కా, ధైర్యంగా ఉండు. గొట్టాలు వేస్తే బావగారు లేచి కూర్చుంటారట."

"ఏ గొట్టాలే? అర్జెంటు పనుందని ప్రెస్సుకెళ్లారుగా!"

అన్నగారి భార్య ప్రెస్సుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మిషను హోరులో ఎవరికీ వినపడదని ఆవిడకి బాగా తెలుసు గానీ ఆ పూట గుర్తు రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్సుకి పరిగెత్తి, సిరా చేతులతో నిక్షేపంగా నిలబడ్డ మొగుణ్ణి చూసి, "ఊపిరి ఆడుతోందా?" అని గుండెమీద చెవి పెట్టింది.

విషయమంతా విని అన్నగారు మిషను ఆపేశాడు. "నాకు కాదంటే వాడికే. చిన్నప్పటి నుంచీ జ్వరమొచ్చినా దాచేస్తాడు. మరదల్ని అడిగి డాక్టరు నంబరివ్వు."

అవతల మెకానిక్ ఇంజను హోరులో అరుస్తున్నాడు. "పైకెత్తి పెట్టాం సార్! అడుగునంతా విప్పేశాం!"

"విప్పేశారా? ఏ ఆసుపత్రి?"

"ఆసుపత్రేంటి సార్, షెడ్డు! సంత వెనకాల!"

షెడ్డులో ఆపరేషనంటే తమ్ముడు ఎంత ఇబ్బందుల్లో ఉన్నాడోనని అన్నగారి గుండె చెరువైంది. సిరా చేతులతోనే పరుగు అందుకున్నాడు. వెనకాల ఆయన భార్య, సందు మొదట్లో మరదలు కలిశారు.

ఈలోగా తమ్ముడు వెనక్కొచ్చి, దగ్గర్నుంచి చూస్తేనైనా తేలుతుందేమోనని కిందికి దింపిన కారు అడుగున దూరాడు. అన్నగారు వచ్చేసరికి బయటికి కనిపిస్తున్నవి రెండు కాళ్లు. ఆ చెప్పులు ఆయనకి బాగా తెలుసు, నాలుగేళ్లుగా దూరం నుంచి వాటినే చూస్తూ వచ్చాడు.

"ఒరేయ్ తమ్ముడూ!" అంటూ రెండు కాళ్లూ పట్టి లాగాడు. చక్రాల చెక్క మీద పడుకున్నవాడు సర్రున బయటికొచ్చి, ముఖమంతా మసితో, "కూరగాయలు ఇప్పుడే తెస్తానే!" అని అరిచాడు. తర్వాత అన్నని చూశాడు.

"బతికే ఉన్నావుట్రా?"

"ఉన్నాను. ఏం?"

"గొట్టాలు ఎవరికి?"

తమ్ముడు కారు వైపు చూపించాడు. ఆడవాళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అన్నగారు కోపం తెచ్చుకోబోయాడు గానీ, పరిగెత్తి వచ్చిన ఆయాసంలో అది రాలేదు. "నువ్వు పోయావనుకున్నాన్రా, వెధవా" అన్నాడు. తమ్ముడికి ఏడుపొచ్చింది. మసి ముఖం కాబట్టి చారలు స్పష్టంగా కనిపించాయి.

"ఎటూ వచ్చావుగా, నాన్న కారు గొంతు ఏదో నువ్వే చెప్పు. నాకు గుర్తు రావడం లేదన్నయ్యా."

మెకానిక్ మూడు జతలూ మళ్లీ వినిపించాడు. అన్నగారు కళ్లు మూసుకుని విన్నాడు. "మూడూ కావు. నాన్న కారులో చివర్న సన్నగా ఈల వచ్చేది."

"అవును! ఈల!" తమ్ముడు ఎగిరి గంతేశాడు. "కంపెనీ వాళ్లు ప్రత్యేకంగా పెట్టారని నాన్న ఊరంతా చెప్పుకునేవాడు!"

అన్నగారు నేల చూపులు చూశాడు. "కంపెనీ కాదురా. పన్నెండేళ్లప్పుడు నేనే. నాన్న వచ్చేది ముందే తెలియాలని కుడి గొట్టానికి మేకుతో చిల్లు పొడిచాను. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. ఆ ఈల లేని కారుని ఇంటి ముందు చూడలేకే అమ్మేద్దామన్నాను."

తమ్ముడు మొదటి జత వైపు వేలు చూపించాడు. "అది పెట్టు. కుడిదానికి చిల్లు పెట్టు."

కొత్త గొట్టానికి చిల్లు పెట్టమన్నవాళ్లని మెకానిక్ తన జన్మలో చూడలేదు. అయినా డ్రిల్లు తీసి, "ఎంత చిల్లు?" అన్నాడు.

"చిటికెన వేలంత" అన్నాడు అన్న.

"అంత ఉండదు. ఆ ఈలకి పెన్సిల్ మొనంత చాలు" అన్నాడు తమ్ముడు.

"పొడిచింది నేనురా!"

"విన్నది నేను! నువ్వు పొడిచి పారిపోయుంటావు!"

"నోరు మూసుకుని నే చెప్పినట్టు విను!"

"ఎందుకు వినాలి? నాలుగేళ్లు విన్నానా?"

ఆడవాళ్లు అడ్డం వెళ్లబోయి, ఆలోచించి, కూరగాయల సంచి పట్టుకుని బజారు వైపు నడిచారు. అన్నదమ్ములకి మాటలు కలిశాయి కాబట్టి ఇక హాయిగా పోట్లాడుకోవచ్చు.