మాస్టారి మనోబలం

శుక్రవారం పొద్దున టైలర్ మాస్టారి కార్యక్రమం చాలా సులువైనది. భార్య స్నానానికి వెళ్లగానే బరువు తగ్గే ఇంజక్షన్ పొట్టకు పొడుచుకోవాలి, నడుము తగ్గిందేమోనని పాత ప్యాంటు వేసుకుని చూడాలి, ఏమీ ఎరగనట్టు కిందికి దిగి కొట్టు తెరవాలి. ఆ రోజే పెద్ద హోటలు మేనేజరు సిబ్బంది యూనిఫారాల ఆర్డరు ఖాయం చేయడానికి వస్తున్నాడు. అది దక్కితే ఏడాదంతా మిషను ఆగదు, దక్కకపోతే వీధి చివర కొత్త కొట్టువాడికి పోతుంది.

ఇంజక్షన్ అంత గుట్టుగా ఎందుకంటే, ఆ మధ్య బావమరిది ఇదే మందు వాడుతున్నాడని తెలిసి మాస్టారు ఇంటిల్లిపాది ముందు అతన్ని కడిగి పారేశారు. "సూదితో తగ్గడం కూడా తగ్గడమేనా? మనిషికి మనోబలం ఉండాలి" అన్నారు. ఆ తర్వాత డాక్టరు ఆయనకూ అదే రాసిచ్చాడు. అంత గొప్ప ఉపన్యాసం ఇచ్చిన నోటితో నిజం చెప్పడం ఎవరికైనా కష్టమే కదా, పాపం.

వారం వారం బరువు చూసుకోమని, సూది చోటు ప్రతిసారీ మార్చమని డాక్టరు చెప్పాడు. ఊరందరి నడుములూ కొలిచిన మనిషికి ఇంకొకరు చెప్పాలా? తూకం మిషను మీద ఆయనకు నమ్మకం లేదు. టేపు మీద అసలే లేదు, కొలిచే చెయ్యి ఎంత బిగిస్తే నడుము అంత తగ్గుతుందని ఆయనకు బాగా తెలుసు. అందుకని పాత గళ్ల ప్యాంటు ఒకటి పరీక్షకు పెట్టుకున్నారు. ఆ దిక్కుమాలిన ప్యాంటు ఎన్ని వారాలైనా వదులు కాలేదు. ఇక చోటంటారా, బొడ్డుకు ఎడమ పక్క చేతికి వీలుగా ఉందని ఎప్పుడూ అక్కడే పొడుస్తున్నారు, అదీ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందు చల్లగానే. అక్కడ ఎర్రగా దద్దుర్లు లేచి, చచ్చేంత దురద.

ఆ పొద్దున ఆయన చొక్కా ఎత్తి గోక్కుంటూ ఉండగా భార్య రానే వచ్చింది.

"ఏంటండీ ఆ దద్దుర్లు?"

"నల్లులు" అన్నారు మాస్టారు. అంతకంటే మంచి అబద్ధం దొరకలేదు.

"అయ్యో, నల్లులా? సరే, నేను చూసుకుంటాను లెండి."

ఆమె చూసుకోవడం అంటే ఏమిటో కొట్టు తెరిచాక గాని తెలియలేదు. పక్కింటావిడ సాయంతో పరుపు మూడో అంతస్తు నుంచి దిగి, సరిగ్గా కొట్టు ముందు అరుగు మీద ఎండకు ఆరుతోంది. అడిగినవాళ్లకల్లా భార్య ఓపిగ్గా చెబుతోంది. "నల్లులండీ. మావారి పొట్ట పీక్కుతిన్నాయి."

బట్టలు కుట్టే చోట నల్లులంటే ఇంకేముంది. బ్యాంకు క్లర్కు వచ్చి, కుట్టని బట్ట వెనక్కి తీసుకుపోయాడు. టీచరమ్మ సగం కుట్టిన గౌను కవరులో వేయించుకుని, ఆ కవరును రెండు వేళ్లతో పట్టుకుని వెళ్లింది. కొట్టులో ఏమీ లేవని మాస్టారు మొత్తుకుంటూనే ఉన్నారు, మొత్తుకుంటూనే గోక్కుంటున్నారు.

అప్పుడే వచ్చిన హోటలు మేనేజరు గడప బయటే ఆగిపోయాడు. వెనకాలే బావమరిది మూతికి గుడ్డ కట్టుకుని, పురుగుల మందు పంపు పట్టుకుని దిగాడు. అక్క ఫోన్ చేసిందట.

"మాస్టారూ, మీ దగ్గర్నుంచి ఒక్క నల్లి మా గదుల్లోకి వచ్చినా మేం హోటలు మూసుకోవాల్సిందే. ఈ ఆర్డరు ఇంకెవరికైనా ఇచ్చుకుంటాం లెండి" అన్నాడు మేనేజరు.

మాస్టారు మేనేజరునీ, బావమరిదినీ మార్చి మార్చి చూశారు. ఒక పక్క పరువు, ఒక పక్క కొట్టు. మేనేజరు వెనుదిరగబోతుండగా ఆయన చొక్కా పైకెత్తారు.

"నల్లులు కావండీ. ఇంజక్షన్. బరువు తగ్గడానికి వేసుకుంటున్నాను."

బావమరిది మూతిగుడ్డ కిందికి లాగి, వంగి, ఆ పొట్టను చాలా తీరిగ్గా పరిశీలించాడు. జీవితంలో అంత సంతోషంగా అతను దేన్నీ చూసి ఉండడు.

"నిజమేనండీ, ఇది సూది దద్దురే. నాకూ మొదట్లో ఇలాగే వచ్చింది. బావగారూ, ఒకే చోట పొడిస్తే అది మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? తొడకు మార్చండి. మందు కాసేపు బయటపెట్టి, చల్లదనం పోయాక వేసుకోండి. గోకొద్దు, తడిగుడ్డ వేయండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

మేనేజరు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆర్డరు నిలిచింది. అతను వెళ్లాక అదే కుర్చీలో మాస్టారు కూలబడ్డారు.

"ఊరంతా నవ్విపోతుంది. పోనీ అంగుళమైనా తగ్గానా అంటే, ఆ ప్యాంటు ఇవాళ కూడా పట్టేసింది" అన్నారు భార్యతో.

"బాగానే తగ్గారు. ఆ ప్యాంటు నడుము వారం వారం లోపలికి కుట్టేస్తున్నది నేనే."

మాస్టారు ప్యాంటు తెప్పించి తిరగేశారు. కుట్టు మీద కుట్టు, ఆయన నేర్పినట్టే, అచ్చు గుద్దినట్టు ఉంది. ఊళ్లో ఎవరి కుట్టుకైనా వంక పెట్టే కంటికి అది ఇన్నాళ్లూ ఆనలేదు.

"ఎందుకే ఇలా చేశావు?"

"మందు కూరగాయల వెనక దాచారు. కూరగాయలు తీసేది నేను కదా. ఊరికి చెప్పకపోతే పోయింది, నాకు చెప్పొద్దూ? ఒళ్లు మండింది. ఎప్పుడు చెప్తారో చూద్దామని కుట్టుకుంటూ పోయాను."

"మరి పరుపు?"

"నల్లులని మీరే అన్నారుగా. మీ మాట కాదనడం ఎందుకని ఎండేశాను."

మాస్టారు పరుపు వైపు, మెట్ల వైపు చూశారు. "దాన్ని మళ్లీ పైకి ఎవరు మోస్తారు?"

"మీరే. మనోబలం ఉందిగా."

ఆ మనోబలం మొదటి అంతస్తు దాకా సరిపోయింది, అక్కడి నుంచి పరుపు రెండో కొస బావమరిది పట్టుకున్నాడు.