చెప్పుల వరుస

ఇటు చిరాగ్‌పల్లి నుంచి అటు కోహీర్ దాకా జల్లెడ పట్టినా జగదీశ్ లాంటి ప్రోగ్రామర్ దొరకడు. కళ్లు మూసుకుని కోడ్ రాసేస్తాడు. కాకపోతే పక్కవాళ్లు కూడా కళ్లు మూసుకోవాలి. ఎవరైనా చూస్తే అతని వేళ్లు కొయ్యబారిపోతాయి. రెండు ఇంటర్వ్యూలు అలాగే పోయాయి. మూడోది సోమవారం. అదీ పోతే హైవే మీద మేనమామ టైర్ల దుకాణంలో కూర్చోబెడతానని తండ్రి తేల్చి చెప్పాడు.

అందుకే ఆదివారం పొద్దున్నే, కోడింగ్ నేర్పే షగుఫ్తా దగ్గరికి సాధనకు బయల్దేరాడు. మూతపడ్డ ఎరువుల దుకాణం అద్దెకు తీసుకుని ఆమె నడిపే తరగతి పద్ధతే వేరు. నలుగురికీ ఒకే కంప్యూటర్, ఒకే చిన్న లెక్క. ఒకరు ఐదు నిమిషాలు రాస్తుంటే మిగతావాళ్లు తప్పులు పట్టాలి. పూర్తయ్యాక అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి రాయాలి. వంతుల దగ్గర తగువు రాకుండా, వచ్చినవాళ్లు వచ్చినట్టు గుమ్మం ముందు చెప్పులు వరుసగా విడవాలి; ఆ వరుసే వంతు.

ఎరువుల దుకాణం ముందు చెప్పుల వరుస! యూరియా కోసం మనిషికి బదులు చెప్పులు నిలబడే కాలమాయె. అటుగా పోతున్న కోహీర్ నర్సప్ప తన జోడు కూడా వెనక విడిచి, ఊరికి ఫోన్ కొట్టాడు. గంటలో వరుస బస్టాండు దాకా పాకింది. చెప్పుల్లేని వాళ్లు పాసుపుస్తకం మీద రాయి పెట్టారు.

తలుపు తీసిన షగుఫ్తా అదిరిపడింది.

"చాచా, ఈడ యూరియా లేదు. మేం కంప్యూటర్ నేర్చుకుంటున్నం."

"యూరియా లేకుంటే కంప్యూటరెందుకు బేటీ? టోకెన్లకే గదా!" అన్నాడు నర్సప్ప.

"అల్లా కసం, ఒక్క బస్తా లేదు!"

"లేకున్నా మంచిదే. పేర్లు రాయి. వచ్చిననాడు మేమే ముందట ఉంటం."

ఈలోగా జనం లోపలికి తోసుకొచ్చారు. ఐదు నిమిషాల గంట మోగింది.

"సరే, ఇయ్యాల్టి లెక్క ఇదే. పేరు తీసుకోవాలె, నంబరియ్యాలె, ఒక్కరికి రెండుసార్లు ఇయ్యద్దు. జగదీశ్, నీ వంతు!"

"అక్కా, గింతమంది ముంగట నాతోని కాదు!"

నర్సప్ప అతని భుజం మీద గడ్డం ఆనించాడు. "బురదల దిగవడ్డ ఎద్దు తీరు గట్ల చూస్తవేంది పిలగా? కొట్టు!"

కొట్టాడు. ముగ్గురు సాయన్నలుంటే ఒక్కడికే టోకెన్ వచ్చింది. మిగతా ఇద్దరూ బల్ల ఎక్కారు. చెరిపేసి, ఈసారి తండ్రి పేరు కలిపి రాశాడు. ఆ సాయన్నల్లో ఇద్దరి తండ్రులూ గుండయ్యలే. మళ్లీ లొల్లి. మళ్లీ చెరిపి పాసుపుస్తకం నంబరు పెట్టాడు. మూడోసారికి వేళ్లు కొయ్యబారడమే మరిచిపోయాయి.

ఎవరో తీసిన జాబితా ఫొటో వ్యవసాయాధికారి ఫోనుకు చేరింది. అనుమతి లేకుండా టోకెన్లేంటని తిట్టడానికి జీపు దిగినాయన, కొట్లాట లేకుండా కూర్చున్న రైతులను చూసి, యూరియా లారీని నేరుగా అక్కడికే పిలిపించాడు.

సోమవారం ఇంటర్వ్యూ గదిలో ముగ్గురే ఉన్నారు. జగదీశ్ వాళ్ల వెనక్కి తొంగిచూసి, "ఇంతమందేనా సార్?" అని అడిగాడు. ఉద్యోగం వచ్చింది.

ఇదంతా జరిగిందే. నేను అల్లింది ఒక్కటే: యూరియా లారీ రావడం.