ఆవులప్ప పెట్టెలో సంగు

మారికుప్పం గని కార్మికుల లైన్ ఇళ్ళల్లో ఆవులప్ప ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బటన్ ఆవులప్ప అనండి, కుక్కలు కూడా లేచి దారి చూపిస్తాయి. గనిలో హాజరు రాసే టైమ్ ఆఫీసులో మొట్టమొదట కంప్యూటర్ బటన్ నొక్కిన గుమాస్తా ఆయనే. ఆయన పైన బటన్ నొక్కితే మైలు లోతున ఉన్నవాళ్ళు తుమ్మేవాళ్ళట. ఆయన చెప్పాడు, నేను నమ్మాను. మీ ఇష్టం.

గని మూతపడ్డాక ఆ కంప్యూటర్‌ను వేలంలో కొని వ్యానులో ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళికూతుర్ని మాత్రం మామగారి సొంతూరు నంగలి నుంచి ఎద్దుల బండిలో తెచ్చాడు. ఈ తేడాను ఆ పెళ్ళికూతురు సొన్నమ్మ ఇప్పటికీ మరచిపోలేదు.

"ఆదివారం మునేష్ పాతసామాన్ల బండి తెస్తాడు. ఆ పెట్టె పోవాల. ఆ జాగాలో నా కుట్టుమిషన్ పెట్టాల," అందామె.

"అయ్యో సొన్నా! దాన్లో సంగు ఉండాదే!"

సంగు అంటే గని సైరన్. ఆఖరి షిఫ్టు నాడు ఆవులప్ప కిటికీలోంచి మైకు చాపి ఆ కూతను కంప్యూటర్లో పట్టుకున్నాడు. ఊళ్ళో మరెవరి దగ్గరా అది లేదు. తర్వాత సౌండ్ కార్డు కాలిపోయింది. డిస్కేమో ఇప్పుడు రోట్లో రాళ్ళు పడ్డట్టు కటకటమంటోంది. అది ఆగిన రోజు సంగు కూడా పోయినట్టే.

"ఇన్నేండ్లుగా ఉండాది ఉండాది అంటావు. ఒక్క దినమన్నా కూసిందా? కోడైతే ఎప్పుడో కోసేసుందును."

"ఆదివారం పది గంటలకు కూయిస్తా. కూయకపోతే నేనే బండెక్కిస్తా!"

"ఎవుర్ని? దాన్నా, నిన్నా?"

రోజూ రైల్లో బెంగళూరు పోయివచ్చే పక్కింటి శంకర్ రెండు పాత కార్డులు వెతికి తెచ్చాడు. ఒకటి సౌండ్ కార్డు. రెండోది డిస్కు బదులు మెమరీ చిప్పును పెట్టుకునే కార్డు. భార్య కంట పడకూడదని ఆవులప్ప వాటిని కవర్లో చుట్టి రాగిపిండి డబ్బాలో దాచాడు. ముద్ద తినే ఇంట్లో రాగిపిండిలో దాచడమంటే పోలీస్ స్టేషన్లో దొంగసొమ్ము దాచడమే.

"ఏమయ్యో! పిండిలో పురుగు పడేది చూసినా గానీ ఇన్ని కాళ్ళ పురుగును చూళ్ళేదు!" అంటూ సొన్నమ్మ వాటిని దులిపి ఆయన చేతిలో పెట్టింది.

శనివారం మెమరీ కార్డును ఎక్కించి, పాత డిస్కులోని సరుకంతా సంగుతో సహా దాంట్లోకి మార్చాడు. పని పూర్తయిందో లేదో, కొడుకు చేతిలో తాళంచెవులు పెట్టిన ముసలాయనలా డిస్కు ఒక్క నిట్టూర్పు విడిచి కన్నుమూసింది.

ఆదివారం తొమ్మిదికి సౌండ్ కార్డును గుచ్చాడు. అంతే, పెట్టెకు మెమరీ కార్డు కనబడడం మానేసింది. సౌండ్ కార్డు పీకితే మెమరీ కార్డు వచ్చింది, గొంతు లేదు. రెండూ పెడితే రెండూ మూగనోము పట్టాయి. ఆవులప్ప ఊదాడు, తుడిచాడు, కర్పూరం వెలిగించాడు. చివరికి పెట్టెకు నిమ్మకాయ కూడా కట్టాడు.

పది దాటింది. బయట మునేష్ బండి గంట గణగణమంది.

"రెండు నిమిషాలుండప్పా!" అని అరిచాడు ఆవులప్ప. నుదుటి మీద చెమట, ముక్కుమీద కర్పూరం మసి. ఆ ముఖం చూసి సొన్నమ్మకు మొదటిసారి జాలేసింది.

"కార్డులతో వచ్చిన ఆ కాగితంలో ఏం రాసుండాదో చదువు."

"ఏముండాది! ప్రతి కార్డుకీ ఒక నంబరంట. దీనికీ ఐదే, దానికీ ఐదే."

సొన్నమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "మా నాయన ముప్పై ఏండ్లు గని వాకిట్లో దిగేవాళ్ళకు నంబరు టోకెన్లు యిచ్చి, పైకొచ్చినంక తీసుకున్నోడు. ఒక నంబరు మీద ఇద్దుర్ని ఒక్కదినమన్నా లోపలికి యిడిసినాడా? ఆ నంబర్లు రాసుకున్నోడివి నువ్వే గదయ్యా!"

ఆవులప్ప అరచేత్తో నెత్తి కొట్టుకున్నాడు.

"నంబరు మార్చేది యాడుండాది?" అందామె.

సౌండ్ కార్డు మీద మినపగింజంత నల్లటి టోపీ చూపించాడు. సొన్నమ్మ జడలోంచి పిన్ను తీసి, ఆ టోపీని ఐదు మీద నుంచి పీకి ఏడు మీద పెట్టింది. పెట్టె మేలుకుంది. రెండు కార్డులూ బుద్ధిగా హాజరు చెప్పాయి.

అక్కడితో ఆగితే ఆయన బటన్ ఆవులప్ప ఎలా అవుతాడు? మునేష్ గుండె అదరాలని, భజన మందిరం నుంచి తెచ్చిన హారన్ స్పీకర్‌ను కిటికీలో పెట్టి, గొంతు పూర్తిగా పెంచి నొక్కాడు.

ఊఁ... అని లేచింది సంగు. గోడమీది పటాలు ఊగాయి.

ఆయన మరచిన సంగతి ఒకటుంది. షిఫ్టు వేళకు కూస్తే అది పిలుపు. వేళకాని వేళ కూస్తే లోపల బండ కూలిందని. పదిన్నర ఏ షిఫ్టుకూ వేళ కాదు. లైన్ మొత్తం వీధిలోకొచ్చింది. సగం గడ్డం గీసుకున్న వాళ్ళు, చేతికి పిండి అంటిన వాళ్ళు, అందరూ గని మూతపడ్డ సంగతే మరచి అటువైపు పరుగు. ఎనభై దాటిన నరసమ్మ చెప్పుల్లేకుండా వచ్చి, "ఎవురప్పా? ఎవురు లోపలుండారు?" అని మునేష్ చెయ్యి పట్టుకుంది.

సొన్నమ్మ పరుగున వెళ్ళి ఆమెను పట్టుకుంది. "ఎవురూ లేరు పెద్దమ్మా. అందరూ పైనే ఉండారు. మా ఆయన కంప్యూటరు కూసింది, అంతే."

నరసమ్మ కాసేపు ఊపిరి తీసుకుని నవ్వింది. "ఈ సంగు విని నవ్వేది ఇదే మొదలు. రోజూ కూయించమ్మా. అయితే వేళకు!"

వీధంతా అవునంది. మునేష్ ఖాళీ బండి తిప్పుకున్నాడు. ఆవులప్ప మీసం తిప్పబోయాడు.

"పెట్టె ఉండనీ," అంది సొన్నమ్మ. "కుట్టుమిషన్ నీ మంచం జాగాలో పెట్టుకుంటా. దినామూ ఆరుకు నువ్వే కూయించాల. నలభై ఏండ్లు నేను తెచ్చిన పాలు, ఇంగ నువ్వు తేవాల."

ఎనిమిదికి ముందు సూర్యుణ్ణి చూడని మనిషి ఆవులప్ప. వీధి చూస్తుండగానే పాలక్యాను అందుకున్నాడు.

ఇప్పుడు తలుపు పక్క మేకుకు మామగారి ఇత్తడి టోకెన్ వేలాడుతోంది. ఆరుకు సంగు కూయించి, గనిలోకి దిగేవాళ్ళలాగే టోకెన్ తీసుకుని, పాలక్యానుతో దిగుతాడు. తిరిగొచ్చి తగిలిస్తే టింగుమంటుంది.

సంగుకు కదలని సొన్నమ్మ ఆ టింగుకు మాత్రం దుప్పట్లోంచే అంటుంది: "వచ్చినావా? కాఫీ పెట్టు."