ఆగి ఉన్న కారులో కూత

ఆ రోజు పదింటికల్లా పెద్దావిడను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుడికంట్లో పొర ముదిరిందో లేదో డాక్టరు చూసి చెబుతానన్నాడు. ఆ ప్రయాణం కోసమే పెద్దాయన ఆరింటికి లేచాడు. లేచి తలగడ గలీబు విప్పి దులిపాడు. మంచం కిందికి పాకాడు. సబ్బుపెట్టె ఎత్తి కూడా చూశాడు. చెవి మిషను ఎక్కడా లేదు.

బస్సు డిపోలో ముప్ఫయ్యారేళ్లు మెకానిక్కుగా చేసి దిగిన మనిషాయన. ఇంజను దగ్గర చెవి ఒగ్గి జబ్బేమిటో చెప్పేసేవాడు. అందుకే వీధంతా ‘ఇంజన్ డాక్టరు’ అని పిలిచేవారు. ఆ డాక్టరుకు ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా చేసిందనీ, కుడి చెవి బఠాణీ గింజంత మిషను మీద నడుస్తోందనీ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికే రెండు మిషన్లు పోగొట్టాడు. రెండోది పోయిననాడు కూతురు వేలు చూపించి మరీ చెప్పింది: “నాన్నా, ఇంకొక్కటి పోయిందా, కారు తాళాలు నా దగ్గరే ఉంటాయి. వినపడకుండా బండి నడిపితే నేనూరుకోను.” కారు లేని బతుకు ఆయన ఊహకే అందలేదు.

అందుకని ఒక పథకం వేశాడు. మెడ పట్టేసిందని చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకోవాలి. ఆ వంకతో అల్లుడి చేత కారు నడిపించాలి. మధ్యాహ్నం తీరిగ్గా వెతుక్కోవాలి. తొమ్మిదింటికి కూతురు ఆఫీసుకు వెళ్లిపోయేదాకా పథకం చక్కగానే నడిచింది.

తర్వాత, కారు తుడవడానికి వెళ్లిన అల్లుడు పరుగున వచ్చాడు. “మావయ్యగారూ, బండిలో ఏదో చప్పుడండీ!”

పెద్దాయనకు ‘ఎప్పుడు’ అన్నట్టు తోచింది. “పదింటికి,” అన్నాడు.

అల్లుడు గడియారం వంక అయోమయంగా చూసి, ఆయన చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్లాడు. బానెట్టు ఎత్తాడు. తాళంచెవి జేబులోనే ఉంది, ఇంజను చల్లగా ఉంది. అయినా లోపలెక్కడో సన్నగా, ఈల వేసినట్టు, “కుయ్ఁ...” అని కూత. అల్లుడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. కారణం తెలియని విషయం ఎదురైతే అతనికి అన్నం సయించదు. బ్యాటరీ వైరు పీకాడు, కూత ఆగలేదు. కారును రెండడుగులు వెనక్కి నెట్టాడు. కూతా వెంటే వెళ్లింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండూ రాసుకున్నాడు.

మేడ మీది వయొలిన్ టీచరమ్మ దిగి వచ్చింది. “పొద్దున పాఠంలో శ్రుతి తప్పుతోందని నా దగ్గర నేర్చుకునే పిల్లను మూడుసార్లు కసిరానండీ. తప్పు మీ కారుదా?”

అందరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయనకు ఏ చప్పుడూ వినపడలేదు. అందరి మొహాలూ ఇంజను వైపు తిరుగుతున్నాయి కాబట్టి రోగం అక్కడే అని గ్రహించాడు. డిపోలో చేసినట్టే కళ్లు మూసుకుని, వంగి, చెవి ఒగ్గాడు. తల లోపలికి వెళ్లగానే కూత రెట్టింపైంది. తల తీయగానే తగ్గింది.

“డాక్టరుగారు వంగితేనే పలుకుతోంది!” అంది టీచరమ్మ, నోరు తెరిచి.

“కూత పెరిగిందండీ!” అని అరిచాడు అల్లుడు.

“మూతా? తీసెయ్,” అన్నాడు పెద్దాయన గంభీరంగా.

అల్లుడు ఎదురుగా కనిపించిన పెద్ద మూత ఊడదీశాడు. మళ్లీ బిగించడం రాక, వీధి చివర వర్కుషాపు ఓనరుకు ఫోను చేశాడు. ఆ ఓనరు పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నవాడే. పనిముట్ల పెట్టెతో వచ్చి, ఇంజనుకు నాలుగు వైపులా చెవి పెట్టి, చెమటలు తుడుచుకున్నాడు.

“నా సర్వీసులో ఆగిపోయి కూడా పాడే ఇంజన్ని చూళ్లేదు గురువుగారూ. సుత్తితో ఒకసారి కొట్టమంటారా?”

“గొట్టమా? పీకెయ్.”

శిష్యుడు మారుమాట్లాడకుండా రేడియేటరు గొట్టం పీకాడు. పచ్చటి నీళ్లు బుడబుడమని టీచరమ్మ చెప్పుల మీదుగా వీధిలోకి సాగాయి. అప్పటికి పదీ పావు. గోడ పక్కన పది మంది చేరారు. అందరూ ఒకే చప్పుడు వింటున్నారు, ఒకే చోటికి చూస్తున్నారు. పెద్దాయనకు భయం కంటే బెంగ ఎక్కువైంది. ఇంజను పలికే మాట తనకు తప్ప అందరికీ వినపడడం ఇదే మొదటిసారి.

కళ్లజోడు పెట్టె పట్టుకుని పెద్దావిడ బయటికొచ్చింది. “ఏమండీ, నా కన్ను సంగతేం చేశారు?”

“వెన్నా? లోపలే ఉంటుంది, చూడు.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, మఫ్లరు పట్టుకుని లాగింది. పొర కమ్మిన కంటికి కూడా ఆ ఖాళీ చెవి స్పష్టంగా కనిపించింది. తర్వాత కారు వైపు తల తిప్పి విన్నది. ఆయన మిషను ఆపకుండా బల్ల మీద పడేసి పడుకున్నప్పుడల్లా అది ఇలాగే కూస్తుంది. ఆ కూతతో ఆవిడ ఆరేళ్లుగా కాపురం చేస్తోంది. నిన్న పడుకోబోయే ముందు ఆయిలు చూడ్డానికి వంగి ఉంటాడు, జారిపోయి ఉంటుంది.

“జరగండి నాయనా,” అని ఆవిడ బ్యాటరీ వెనక సందులోకి చెయ్యి పోనిచ్చింది. కూత గట్టిగా లేచి, ఠక్కున ఆగిపోయింది. గుప్పెట్లో ఉన్నదాన్ని ఆపేసి కళ్లజోడు పెట్టెలో వేసి మూసేసింది. “నాకేం కనపళ్లేదు. గొట్టం పీకించారుగా, అదే ఆగిపోయింది.”

“గొట్టమా!” అని శిష్యుడు లెంపలు వాయించుకున్నంత పని చేశాడు. “నాకు తట్టనే లేదు గురువుగారూ!”

అల్లుడు మాత్రం కళ్లజోడు పెట్టె వైపు కాసేపు చూసి, పుస్తకంలో ఒక మాట రాసి, అత్తగారి మొహం చూసి కొట్టేశాడు.

శిష్యుడి వ్యానులో ఆసుపత్రికి వెళుతూ ఆవిడే మిషను తుడిచి ఆయన చెవిలో పెట్టింది. “అమ్మాయికి చెప్పన్లెండి. ఇక మీదట బానెట్టు ఎత్తే ముందు తీసి నా చేతికివ్వండి.”

ఆయన చెవి తడుముకుని, “ఆ కూత ఎలా ఉంది?” అని అడిగాడు.

“మీ గురక కంటే నయం.”

సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు ముందు మూడు కార్లూ, ఒక స్కూటరూ నిలబడి ఉన్నాయి. శిష్యుడు వార్త నాలుగు వీధులకూ మోశాడు. పెద్దాయన వరండాలో కుర్చీలో కూలబడ్డాడు.

“డాక్టరుగారూ, మా బండి ఆపేశాక టిక్కుటిక్కుమంటోందండీ!”

ప్రతి అక్షరమూ ఆయనకు వినపడింది. ఆకాశంలోకి చూశాడు. వాళ్లు దగ్గరికొచ్చి అడిగారు. చేతులు గొట్టంలా పెట్టి అరిచారు. ఆయన మబ్బులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. “గొంతులు చించుకోకండి నాయనా. ఆయనకు బొత్తిగా చెముడు.”

ఔనన్నట్టు తల ఊపబోయిన పెద్దాయన, సమయానికి గుర్తొచ్చి ఆపుకున్నాడు.