రెండు సున్నాల ముఠా

"నేరం ఎంత లోతున దాక్కున్నా, దాన్ని బయటికి లాగే కన్ను ఒకటుంటుంది. ఆ కన్ను నాదే!"

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడుస్తూ, ఫ్రేములకు మరలు బిగిస్తూ పన్నెండేళ్ళు గడిపి, తనకు తానే 'డేగకన్ను' అని బిరుదిచ్చుకున్న పెద్దమనిషి అక్కాబావల ఇంటి ముందుగదిలో చేసిన ప్రకటన ఇది. ఆ ఊపులో మోకాలు బల్లకు కొట్టుకుని "అబ్బా" అనడంతో గాంభీర్యం కాస్త పలచబడింది. ఆయనగారు అంతకుముందు ఛేదించిన కేసులు రెండు. పోయిన గొడుగు ఆయన చంకలోనే దొరికింది. ఎదురింటి పిల్లి ఆకలేసి తనే తిరిగొచ్చింది.

ఈ కేసు మాత్రం నవ్వులాట కాదు. బావ గడియారాలు బాగుచేస్తాడు. నువ్వుగింజలో సగముండే మరను పట్టకారుతో పట్టి చోటు తప్పకుండా కూర్చోబెట్టే చేతులు ఆయనవి. ఏడాదిగా ఆ వేళ్ళ చివర చీమలు పాకుతున్నాయి. గుండె దడ, నిద్ర లేదు. రక్తం తీశారు, గుండె పరీక్షించారు, తలకు ఫొటో తీశారు. అన్నీ బాగున్నాయన్నారు. ఆ మాటతో బావ ఇంకా హడలిపోయాడు. రోగానికో పేరుంటే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు, ఇది అదీ లేకుండా పోయింది.

"రెండు నెలలు చూస్తాను. తగ్గకపోతే దుకాణం మూసేస్తాను. ఎవరి తాతగారి వాచీయో నా చేతిలో పాడయ్యేదాకా కూర్చోవడం మర్యాద కాదు" అన్నాడు బావ.

"మూయనక్కర్లేదు బావా! నీకు రోగం లేదు. నీకెవరో నెమ్మదిగా విషం పెడుతున్నారు!"

"ఇంట్లో వంట చేసేది నేనేరా" అంది అక్క.

"అనుమానితుల్లో మొదటిదానివి నువ్వే అక్కా. ఏమీ అనుకోకు."

"అనుకోను. ఈ పూట నీ భోజనం బయట చూసుకో."

అక్క పేరు వెంటనే జాబితా చివరికి దిగిపోయింది. మొదటి స్థానానికి పక్క దుకాణం ఇస్త్రీ ఆయన ఎక్కాడు. తన దుకాణం ఇరుకుగా ఉందని ఆయన ఎప్పుడో అన్నాడట. అంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

మర్నాడు డేగకన్ను బావ దుకాణంలో కూర్చుని అటు నిఘా పెట్టాడు. ఇక్కడ బావ ఒక వాచీ వెనక మూత విప్పి, లోపల సూదితో చిన్న గుర్తేదో గీకి మళ్ళీ మూశాడు. డేగకన్ను అది చూడలేదు. ఇస్త్రీ పెట్టెలోంచి వచ్చే ఆవిరిని అనుమానించడంలో మునిగిపోయి ఉన్నాడు.

సాయంత్రం వంటింటి అలమరలో ఆయనకు నిధి దొరికింది. పద్నాలుగు సీసాలు. బలానికొకటి, నరాలకొకటి, నిద్ర రావడానికొకటి, ఆ మత్తు వదలడానికి ఇంకొకటి.

"విషం వీటిలోనే కలిపి ఉంటారు. స్వాధీనం చేసుకుంటున్నాను" అన్నాడు సంచి తెరుస్తూ.

"అవి లేకపోతే నేను బతకనురా!"

"ఉంటే అసలు బతకవు. ఇంకో మాట. దర్యాప్తు అయ్యేదాకా బాధితుడు నోరు విప్పకూడదు."

సీసాలు డేగకన్ను ఇంటికి చేరాయి. బావ దగ్గర అరువు తెచ్చిన భూతద్దం కంటికి తగిలించి ఆయన ఒక్కో మూతా తిప్పి చూశాడు. మూతల లోపల ఎవరో సూదితో గీకిన గుర్తులు! కింద తేదీలు! మూడింట పువ్వు, రెండింట త్రికోణం. తొమ్మిదింట మాత్రం పక్కపక్కనే రెండు సున్నాలు, వాటిని కలుపుతూ ఒక గీత. సున్నాలు ముందరి తేదీల్లో గుండ్రంగా ఉండి, రానురాను వంకరలు పోయాయి.

"ముఠా! రెండు సున్నాల ముఠా! తొమ్మిదిసార్లు దాడి చేసింది. పోనుపోను తొందరపడుతోంది" అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ గుర్తుల గుట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది, అంటే ఆరు వారాలైనా విప్పలేకపోయాడు. మధ్యలో బావ రెండుసార్లు, "ఒరేయ్, ఈమధ్య కాస్త నిద్ర..." అని మొదలెట్టాడు. రెండుసార్లూ డేగకన్ను, "ష్! గోడలకు చెవులుంటాయి" అని ఆపేశాడు.

చివరికొక ఆదివారం అందరినీ ముందుగదిలో సమావేశపరిచాడు. సాక్షిగా బావను చూసే డాక్టరమ్మను కూడా బతిమాలి తీసుకొచ్చాడు.

"ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో గుర్తులేదు. తొందరగా చెప్పండి బాబూ" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"తొందర నేరస్థుడి లక్షణం! హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు!" అని డేగకన్ను సంచిని బల్లమీద దభాలున పెట్టాడు. సంచి చిరిగింది. సీసాలు నాలుగు మూలలకూ దొర్లాయి. ఒకటి డాక్టరమ్మ కాలి దగ్గర ఆగింది. ఆవిడ దాని మీద అక్షరాలు చదివి, ఇంకోటి తీసింది. తర్వాత అన్నీ ఏరి వరసగా పేర్చింది.

"ఇవెవరివి?"

"నావేనండీ" అన్నాడు బావ.

"మందులేమైనా వాడుతున్నారా అని మూడుసార్లు అడిగాను. లేదన్నారు!"

"ఇవి మందులు కావు కదండీ. బలానికి..."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "పద్నాలుగులో పదకొండింటిలో బి-సిక్స్ విటమిన్ ఉంది, సీసాకో పేరు పెట్టుకుని. అది మోతాదు మించి నెలల తరబడి మింగితే నరాలే దెబ్బతిని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఉత్సాహానికన్న ఈ మూడూ కాఫీ సారం. దడ, నిద్రలేమి వీటి పుణ్యమే కావచ్చు. ఎప్పటిదాకా మింగారు?"

"ఆరు వారాల కిందటిదాకా. వీడొచ్చి ఎత్తుకుపోయాడు."

"ఇప్పుడెలా ఉంది?"

"ఆగండాగండి! కేసు పక్కదారి పడుతోంది!" అని డేగకన్ను తల విదిలించాడు. ఊళ్ళోవాళ్ళ కళ్ళజోళ్ళన్నీ బిగించే మనిషి తనది బిగించుకోలేదు. మర ఊడి, అద్దం జారి, ఆయనకు లోకం సగం మసకేసింది.

బావ వంగాడు. జేబులోంచి పట్టకారు తీసి, నేలమీద మరను ఒక్కపట్టున పట్టి, కళ్ళజోడుకు బిగించి చేతిలో పెట్టాడు. బావ తన వేళ్ళకేసి చూసుకున్నాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఈసారి బి-సిక్స్ ఎంతుందో రక్తపరీక్ష చేయిద్దాం. తిమ్మిరి పూర్తిగా పోవడానికి ఇంకా నెలలు పట్టొచ్చు. వేళకు భోజనం చెయ్యండి, నేను చెప్పందే ఒక్క మాత్రా మింగకండి. మిగిలింది భయం. దానికీ వైద్యం ఉంది, మంచి కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తాను" అంది డాక్టరమ్మ.

"నడుస్తున్న వాచీని ఊరికే తెరవొద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. నాడి మాత్రం గడియారం పెట్టుకుని పూటకు పదిసార్లు లెక్కపెడతారు" అంది అక్క. బావ తలొంచుకున్నాడు.

"మరి ముఠా మాటేమిటి?" అని డేగకన్ను ఒక మూత తిప్పి చూపించాడు.

"అదా? నా అలవాటురా. వాచీ ఎవరు తెచ్చారో మూత లోపల గీకుతాను కదా, చేతికొచ్చిన ప్రతిదానికీ అంతే. పువ్వు మీ అక్క. త్రికోణం ఇస్త్రీ పెట్టె, అంటే ఈయన."

"రెండు సున్నాలు?"

"కళ్ళజోడురా. నువ్వే."

ఇస్త్రీ ఆయన ముందుగా నవ్వాడు. తర్వాత డాక్టరమ్మ. డేగకన్ను మాత్రం తొమ్మిది మూతల ముందూ కూలబడ్డాడు.

"నువ్వు అమ్మా అబ్బా అంటుంటే వినలేక, ఎవరేది మంచిదంటే అది తెచ్చాను బావా" అన్నాడు.

"తెలుసురా. అందుకేగా ఒక్కటీ మానకుండా మింగాను."

డేగకన్ను ముక్కు చీదుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి, కేసు ముగిసిన సంబరానికని ఆ పొద్దున్నే కొన్న పదిహేనో సీసా నెమ్మదిగా తీసి బల్లమీద పెట్టాడు. అక్క దాన్ని లాక్కోబోయింది. బావ ఆపి, మూత విప్పి, సూది తీసుకుని లోపల గీకడం మొదలుపెట్టాడు. అందరూ ఆయన చేతికేసే చూస్తున్నారు.

సున్నాలు రెండూ గుండ్రంగా వచ్చాయి.