పోలయ్యను మెచ్చుకున్న పూట

...అయినా ఒక మనిషిని ముఖం మీదే మెచ్చుకోవడానికి నోరెందుకు రాదో లక్ష్మీనరసయ్యకు అంతుపట్టలేదు. తిట్టాలంటే నాలుక దానంతటదే లేస్తుంది. మెచ్చుకోబోతే అంగిట్లో అతుక్కుంటుంది. ఎందుకు? ఎదుటివాడు పెరుగుతాడనా, తాను తరుగుతాననా?

లక్ష్మీనరసయ్య మార్కాపురంలో ఒకానొక పలకల కార్మికుల సహకార సంఘానికి అధ్యక్షుడు. జన్మలో ఒక్క పలకైనా కోసి ఎరగడు కనుక ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. కర్నూలు రాజధానిగా కొత్త ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదిన్నరలో ఆ సంఘం అన్నిటికన్నా చక్కగా నిర్వహించినవి వీడ్కోలు సభలు. పనితనం గల మేస్త్రీలు ముగ్గురు వరసగా మానేయగా, మూడు సభలూ దిగ్విజయంగా జరిగాయి. ఉపన్యాసం ఒక్కటే, పేరు చోట మాత్రం ఖాళీ: “మన సంఘానికి వెన్నెముక, సాటి కూలీల కష్టసుఖాలు ఎరిగిన నాయకుడు...” మూడో మేస్త్రీ రాజరత్నం మెడలో దండతోనే ఏడ్చాడు.

“ఈ మాట ముందే ఒక్కసారి అనింటే నేనెందుకు పోతా సెట్టిగారూ?”

ఉపన్యాసం కంటతడి పెట్టించినందుకు అధ్యక్షులను అభినందిస్తూ కార్యవర్గం తీర్మానించింది. ఇందులో వింత లేదు. మనలో మంచివాళ్లందరూ పోయినవాళ్లే.

ఇప్పుడు నాలుగోవాడు పోలయ్య. అతని కింద పన్నెండు మంది. దగ్గు ముదిరినవాళ్లను దుమ్ము తక్కువున్న చోట కూర్చోబెడతాడు. ఎవరి చెయ్యి వణికితే వాళ్ల రాయి తానే చీలుస్తాడు. అరవడు. అరవనివాడు మేస్త్రీ ఎట్లా అవుతాడని, అరవడానికి సంఘం ఒక సూపర్‌వైజరును నియమించింది. ఆ అరుపులకు చేతులు అదిరి పలకలు పగిలాయి. సంజాయిషీ పోలయ్యను అడిగారు.

గిద్దలూరు వైపు ఇంకో పలకల షెడ్డు నుంచి పోలయ్యకు పిలుపు వచ్చింది. కూలి అక్కడా ఇంతే. కాని అతను కదిలితే పన్నెండు మందీ కదులుతారు, జూన్‌లో బడులు తెరిచే నాటికి కర్నూలు చేరాల్సిన పదివేల పలకలు రాళ్లుగానే మిగులుతాయి. గుమాస్తా మొహిద్దీన్ బాషా ముందుచూపు గలవాడు. దండకు చెప్పి వచ్చాడు.

పోలయ్య ఇంకా ఉండగానే ఆ మాట చెబితే?

లక్ష్మీనరసయ్య ముందు ఇంట్లో సాధన చేశాడు. “పప్పు బాగుంది” అన్నాడు. భార్య రాజేశ్వరమ్మ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“జొరం లేదే! ఏంది సంగతి? ఎంతమందిని భోజనానికి పిలిచి వచ్చినారు?”

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, అందరి ముందూ గొంతు సవరించుకున్నాడు.

“పోలయ్యా, నువ్వు మన సంఘానికి వెన్నెముకవి.”

సుత్తులన్నీ ఆగిపోయాయి. పోలయ్య ముఖం పాలిపోయింది. ఉలి కిందపెట్టి లేచాడు.

“నన్ను తీసేసినారా సెట్టిగారూ? నేనేం తప్పు చేసినా?”

“చూడండమ్మా, మంచోడని చెప్పి మరీ పంపిస్తున్నారు!” అంది పలకలు రుద్దుతున్న యేసుమణి.

వేళ తప్పని మనిషి కావడంతో, సరిగ్గా అప్పుడే బాషా దండ పట్టుకుని వచ్చాడు.

“ఎవురు పొమ్మన్నారు రా నిన్ను!” అధ్యక్షుడు పోలయ్య మీద అరిచాడు. “తిక్క నాయాలా, నోరు మూసుకొని పని చూడు!”

పన్నెండు మందీ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

“తిట్టినాడు. ఇంక భయం లేదు” అంది యేసుమణి.

సుత్తులు మళ్లీ మోగాయి. పోలయ్య మాత్రం కూర్చోలేదు.

“వెన్నెముక అంటిరే, అది నిజమా, ఉత్త మాటా?” అన్నాడు మెల్లగా.

లక్ష్మీనరసయ్య నాలుక మళ్లీ అంగిట్లో అతుక్కుంది. అతను వంగి, కిందనున్న ఉలిని తీసుకుని, దాని దుమ్మును తన జరీ కండువాతో తుడిచి, రెండు చేతులా పోలయ్య చేతిలో పెట్టాడు.

పోలయ్య కూర్చున్నాడు.

బాషా మినిట్సు పుస్తకంలో రాసుకున్నాడు: “అధ్యక్షులవారు పనిముట్లు తనిఖీ చేసిరి. దండ తదుపరి సభకై భద్రపరచడమైనది.”